ఎదురుగాలి వరస

మా సీమలో కొండ లేదు.
గేర్ల సైకిలు అమ్మేవాడు ఘాట్ రోడ్ల గురించి చెబుతుంటే
ఇస్రాయేలు నవ్వాపుకోలేక షాపు బయటికెళ్లిపోయాడు.
మాకున్న ఎత్తల్లా కాలవల మీది వంతెనలే,
పది తొక్కుళ్లకి ఎక్కి, ఊపిరి తీసేలోగా దిగిపోయేవి.
మిగతాదంతా అరచెయ్యి.

గాలి మాత్రం ఉంది.

శనివారం తెల్లారగట్ల అమలాపురంలో బయల్దేరాం:
మా ఆయన, ఇస్రాయేలు, అతని భార్య దయామణి,
పన్నెండేళ్ల మా చేతన, నేను,
ఆఖరి నిమిషంలో సందు మలుపులోంచి వచ్చి కలిసిన
మా తమ్ముడు తాతాజీ.
వెనక బుల్లెబ్బాయి ఆటోలో చక్కెరకేళి గెల,
పంక్చరు సామాను,
పనసాకు బుట్టల్లో పొగలు కక్కుతున్న పొట్టిక్కలు.
తాతాజీని పిలిచింది దయామణి. నాకు చెప్పలేదు.
మా ఆయనకి అసలే చెప్పలేదు.

ఎనిమిది నెలలు.
నాలుగెకరాల రొయ్యల చెరువు, సగం సగం లీజు,
వారం రోజుల తెల్లమచ్చ రోగం.
ఆ పొద్దున గట్టు మీద ఇద్దరూ
ఒకరి లెక్కల పుస్తకం ఒకరు లాక్కున్నారు.
అప్పట్నించీ ఒకరు వచ్చే పూట ఇంకొకరికి ఏదో పనుండేది.
నేను ఒకే కూర రెండు పూటలు వేడి చేశాను.

బోడసకుర్రు వంతెన మీద వైనతేయ కనపళ్లేదు, అంతా మంచు.
కింద ఎవరో నావలోంచి దగ్గారు.
పాశర్లపూడిలో టీ తాగాం,
ఆటోకి అటుపక్క తాతాజీ, ఇటుపక్క మా ఆయన,
మధ్యలో అరటి తొక్కలు.

మలికిపురం దాటేసరికి పదకొండు.
సముద్రం నిద్ర లేచింది.
కొబ్బరి మట్టలన్నీ మా మీదికే చెయ్యి విసురుతున్నాయి,
పెదాల మీద ఉప్పు, కళ్లలో ఇసక,
ఎంత తొక్కినా అదే కల్లు పాక పక్కనే ఉంది.
చేతన ఏడుపు మొహం పెట్టింది.
"వరస! వరసలోకి రండి!
ఒకళ్ల వీపు చాటున ఒకళ్లు!" అరిచాడు ఇస్రాయేలు.

ముందున్న మనిషి గాలిని చీలుస్తాడు,
వెనకాలవాడికి సగమే తగులుతుంది.
అలిసిపోతే తప్పుకుని తోకకి రావాలి.
ఇస్రాయేలు వచ్చాడు. దయామణి వచ్చింది.
ఇప్పుడు ముందు మా ఆయన.
ఆయన వెనక చక్రానికి జానెడు దూరంలో
తాతాజీ ముందు చక్రం.

వెనకవాడికి రోడ్డు కనపడదు, చెమటకి తడిసిన చొక్కా తప్ప.
గుంత వస్తే ముందువాడే చేత్తో చూపించాలి.

గుంత వచ్చింది.
మా ఆయన ఎడం చెయ్యి హ్యాండిలు వదిలింది,
గాల్లో కాసేపు ఎటూ తేల్చుకోలేదు,
తర్వాత వీపు వెనక్కొచ్చి, వేలితో నేలని చూపించింది.
తాతాజీ కుడికి జరిగాడు.

ఎనిమిది నెలల తర్వాత మొదటి మాట: గుంత.
తర్వాత: ఇసక. స్పీడు బ్రేకరు. పడుకున్న గేదె.
తాతాజీ వంతు వచ్చాక అతని చెయ్యి అంది:
పగిలిన సీసా. ఇంకో గుంత. పెద్దది.
అంతర్వేది దాకా ఇద్దరూ రోడ్డు గురించి మాట్లాడుకున్నారు.

అక్కడ ఎవరూ ఎవర్నీ కావలించుకోలేదు.
చెరువు మాట ఎత్తలేదు.
రాత్రి లాడ్జీలో గోడకి చెరోవైపు తిరిగి గురక పెట్టారు.

ఆదివారం మధ్యాహ్నం దాకా ఆగి తిరిగొచ్చాం,
గాలి వెన్ను తట్టేదాకా.
ఇంక ఎవరి చాటూ అక్కర్లేదు.
ఇస్రాయేలూ దయామణీ పక్కపక్కన కబుర్లు,
చేతన ఎక్కడో ముందు, బెల్లు మాత్రం వినపడుతోంది.
తాతాజీ చక్రం మాత్రం
మా ఆయన చక్రానికి అదే జానెడు దూరంలో.

రాజోలు ఇవతల కొత్త తారు రోడ్డు,
తుడిచిన పలకలా ఉంది.
మా ఆయన చెయ్యి మళ్లీ వీపు వెనక్కొచ్చింది, వేలు కిందికి.
తాతాజీ బెదిరి పక్కకి కోసి, కల్వర్టు గోడ దాకా వెళ్లి
ఎలాగో నిలదొక్కుకుని వెనక్కి చూశాడు.
ఏమీ లేదు.
ఇంకోసారి చూశాడు.
"గుంతేదయ్యా బావా?"
ఆయన తిరగలేదు. భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

అప్పుడు మా తమ్ముడు తిట్టిన తిట్టు ఇక్కడ రాయలేను.
ఇంకోటి కూడా తిడతాడేమోనని
నేను తొక్కడం ఆపి, చెవొగ్గి,
గాలికే సైకిలు వదిలేశాను.